మన చేతిలోని కలము

ప్రతి సంవత్సరమును జూన్ మాసమున బడి తెఱచిన మొదటివారమున తలిదండ్రులు మమ్ము తప్పక యడుగు ప్రశ్న యొకటి కలదు. "మా వాడు ఏ పెన్నుతో వ్రాయాలండి, మాస్టారూ?" అని. పుస్తకముల పట్టిక అచ్చువేసి యిచ్చుచున్నాము. ఉడుపుల రంగు నిర్ణయించి చెప్పుచున్నాము. కలమును గూర్చి మాత్రము బోధకులమగు మాలోనే యేకాభిప్రాయము లేదు. ఒకరు పాళీగల ఫౌంటెన్‌పెన్నుతో వ్రాసిననే గాని చేవ్రాత కుదురదందురు. మఱియొకరు కాలము మాఱినది గనుక బాల్‌పెన్ను చాలునందురు. వేఱొకరు అంగడిలో దొరకినది యేదైన నేమి యని యూరకుందురు. చాలకాలము మేమును మొదటి పక్షమువారమే. మా యభిప్రాయ మేల మాఱినదో, నేడు మేమేమి కోరుచున్నామో ఈ సంచికయందు విన్నవింప దలచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట, శ్రావణమాసపు వానలలో జరిగిన సంగతి యిది. కొల్లేటి లంకగ్రామమునుండి వచ్చి చదువుకొను బాలు డొకడు మా యెనిమిదవ తరగతిలో నుండెను. వాని చేతిలోని కలమును చూడగనే మాకు కోపము వచ్చినది. పెన్ను పగిలిపోగా లోపలి రీఫిల్లును మాత్రము తీసి, కొల్లేటి యొడ్డున పెరుగు కిక్కిసపుల్లలో దూర్చి, పైన దారము చుట్టి, దానితో వ్రాయుచుండెను. "ఏమిరా, ఇది బడి యనుకొంటివా, చేపల చెఱువనుకొంటివా? దానిని పారవేసి మంచి పెన్ను కొనుక్కొని రా" అని తరగతి యెదుట గద్దించితిమి. పిల్లలు నవ్విరి. వాడు తల వంచుకొని ఆ పుల్లను సంచిలో పెట్టుకొనెను. ఆ గంటలో వాడు మఱి యొక్క యక్షరమును వ్రాయలేదు.

ఆ వారమే వాడు పడవ దిగి గట్టువెంట వచ్చుచుండగా పెద్దవాన పట్టుకొన్నది. సంచి తడిసినది, వ్యాసముల పుస్తకము నానిపోయినది. ఇంటియొద్ద దాని నారబెట్టి తెచ్చి మా బల్లపై నుంచెను. తెఱచి చూచితిమి. మేము పాళీకలముతో ఎఱ్ఱసిరాతో వ్రాసిన దిద్దుబాట్లన్నియు కరగి పుటనిండ గులాబిరంగు మరకలై పోయినవి. వాడు వ్రాసిన పంక్తులలో ఒక్క యక్షరమైనను చెదరలేదు. మేము దిద్దినది పోయినది. మేము పారవేయుమన్న కలముతో వ్రాసినది నిలిచినది. వానిని పిలిచి, తరగతి యెదుటనే మా తొందరపాటు నొప్పుకొంటిమి. గద్దింపు పదిమంది యెదుట జరిగినప్పుడు క్షమాపణ గదిలో మూల జరుగరాదు గదా.

అటుపిమ్మట ఆ పుల్లను అడిగి తీసికొని పరిశీలించితిమి. కణుపునకు పైగా నేర్పుతో కోసినాడు. రీఫిల్లు కదలకుండ లోపల కాగితపుముక్క చుట్టినాడు. వ్రేళ్లు జాఱకుండ దారము వరుసగా చుట్టినాడు. ఇందు దరిద్రము కాక బుద్ధి మాకు కనబడినది. మొదటి చూపున కనబడక పోవుట మా లోపము. ఆ కలము మాకు రెండు విషయములు నేర్పినది. కలము లోపలి సిరా నమ్మదగినదై యుండవలెను. కలముయొక్క ఒడలు మన యూరిలో, మన చేతులతో చేసికొనదగినదై యుండవచ్చును. మేము చెప్పదలచిన దంతయు ఈ రెండు మాటలలో నున్నది.

గడ్డిపుల్ల కలమగుట క్రొత్త సంగతి కాదు. గ్రీకుభాషలో రెల్లునకు కలమోస్ అని పేరు. ఆ రెల్లును చెక్కియే పూర్వులు కలము చేసికొనిరి. యోహాను తన మూడవ పత్రికలో సిరాతోను కలముతోను వ్రాయుట తన కిష్టములేదని, ముఖాముఖిగా మాటలాడ గోరెదనని చెప్పినప్పుడు వాడినది ఆ గ్రీకుమాటయే. యిర్మీయా నోట చెప్పగా బారూకు గ్రంథమును సిరాతో వ్రాసెను. రాజు దానిని కత్తితో కోసి నిప్పులలో వేయగా మరల మొదటినుండి వ్రాయవలసి వచ్చెను. వ్రాసినది నిలుచుట యనునది ఆనాటినుండియు మనుష్యులకు చింతయే. మన దేశమున తాటియాకుపై ఇనుప గంటముతో గీచి, ఆ గీతలలో మసి పట్టించి అక్షరములను కనబడునట్లు చేసిరి. ఆకు చీలకుండుటకే మన తెలుగు లిపి గుండ్రదనము పొందినదని పెద్దలు చెప్పుదురు.

పాళీకలమును గూర్చి చెప్పునప్పుడు గోదావరిసీమవారు ఒక పేరు మఱువరాదు. రాజమహేంద్రవరమున కె. వి. రత్నంగారు 1932లో కలముల పనిని స్థాపించిరి. విదేశవస్తువులకు బదులు స్వదేశమున చేసిన వస్తువులను వాడుడని గాంధీగారు బోధించుచున్న కాలమది. రత్నంగారు ఎబొనైటు అను గట్టి రబ్బరు కడ్డీని తరిమెనపై తిప్పి, చేతితో నునుపుచేసి ఫౌంటెన్‌పెన్నులు తయారు చేసిరి. ఆ కలమును వాడి చూచి, బజారులో దొరకు విదేశపు కలములకు బదులుగా పనికివచ్చునని గాంధీగారు 1935లో జాబు వ్రాసిరి. ఏలూరునుండి రైలెక్కి తాడేపల్లిగూడెము దాటి నిడదవోలు మీదుగా పోయినచో కొలదిగంటలలో చేరు పట్టణమున ఇట్టిపని జరిగినదన్నమాట. మన పిల్లలకు పారిసులో చేసిన కలముల పేర్లు తెలియును గాని దీనిని గూర్చి తెలియదు.

ఇక బాల్‌పెన్ను కథ వినదగినది. 1888లో అమెరికాలో జాన్ లౌడ్ అను నతడు మొదటి గుండుకలమునకు హక్కుపత్రము పొందెను. పాళీ కదలజాలని తోలుపైనను గరుకు కఱ్ఱపైనను వ్రాయుటకే అతడు దానిని కల్పించెను. కాగితముపై చక్కగ వ్రాయునంతటి సిరా అతనికి దొరకలేదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట హంగరీ దేశపు పత్రికారచయిత లాస్లో బీరో అచ్చుయంత్రపు సిరా తడియారుటలో గల వేగమును గమనించెను. ఆ చిక్కని సిరా పాళీనుండి దిగదు గనుక, కొసన చిన్న గుండు నమర్చి దానిని దొర్లించి సిరాను కాగితముపైకి తెచ్చు నుపాయము పన్నెను. రసాయనము నెఱిగిన సోదరుడు జార్జి సిరా విషయమున తోడ్పడెను. 1938లో మొదటి హక్కుపత్రమును, అర్జెంటీనాకు వలసపోయిన పిమ్మట 1943లో మఱియొకటియు పొందిరి. ఆకాశమున ఎత్తునకు పోయినప్పుడు పాళీకలములు గాలి యొత్తిడి తగ్గి సిరా కక్కుచుండెను. అందుచే బ్రిటిషు విమానదళమువారు ఈ క్రొత్త కలములను ముప్పదివేలు కొనిరి. ఆ యుద్ధకాలముననే మన తాడేపల్లిగూడెమున విమానములు దిగు బాట వేయబడినది. దానిని చూచినప్పుడెల్ల మాకు ఈ కలముల కథ జ్ఞాపకమునకు వచ్చును.

ఐనను సిరాకష్టము తీరలేదు. 1945 అక్టోబరు 29వ తేదీన న్యూయార్కు నగరపు గింబెల్సు అంగడిలో రేనాల్డ్సు అను వర్తకుడు ఒక్కొక్క బాల్‌పెన్నును పండ్రెండున్నర డాలరులకు అమ్మకమునకు పెట్టగా, మొదటిరోజుననే సుమారు పదివేలు చెల్లిపోయినవి. కాని వానిలో ననేకములు కారినవి, కొన్ని వ్రాయక మొరాయించినవి. జనులు విసిగి మరల పాళీకలములవైపు మఱలిరి. 1950 డిసెంబరులో ఫ్రాంసు దేశమున మార్సెల్ బిష్ అను నతడు, గుండును గుంటను మిక్కిలి సరిగా నమర్చి, సిరాపాకమును సవరించి, చవుకగా అమ్మజొచ్చిన పిమ్మటనే ఈ కలమునకు లోకమున నమ్మకము కుదిరినది. 2006 నాటికి ఆ యొక్క సంస్థవారి బాల్‌పెన్నులే పదివేల కోట్లు అమ్ముడుపోయినవి. విద్యార్థులారా, ఇందొక పాఠ మున్నది. తలంపు పుట్టినది 1888లో; అది నమ్మదగిన వస్తువగుటకు అఱువది సంవత్సరములు పట్టినది. ఆ అఱువది యేండ్ల కష్టమునందు అధికభాగము సిరాను గూర్చినదే.

ఆ సిరా యెట్టిదో కొంచెము చూతము. పాళీకలపు సిరా నీటిలో కలిపిన రంగు. అందుచే నీరు తగిలిన కరగును. బాల్‌పెన్ను సిరా నూనెవంటి ద్రావకములలో కలిపిన రంగుముద్ద, తేనెకన్నను చిక్కనిది. పలుచనైన కారును, మఱింత చిక్కనైన దిగదు. కొసనున్న గుండు అర మిల్లీమీటరునుండి ఒక మిల్లీమీటరు వఱకు నుండును. తఱచుగా దానిని టంగ్‌స్టన్ కార్బైడను మిక్కిలి గట్టి పదార్థముతో చేయుదురు. గుండునకును గుంటకును నడుమ నున్న సందు వెండ్రుకవాసికంటె తక్కువ. ఆ సందులో దుమ్ము చేరినను, కలము క్రిందపడి కొస సొట్టపోయినను వ్రాత చెడును. సిరా తన బరువుచేత క్రిందికి దిగునది గనుక, గోడకు కాగితము పెట్టి పైముఖముగా వ్రాసిన కొంతసేపటికి నిలిచిపోవును. రోహిణికార్తె యెండలో చొక్కాజేబునందుంచిన సిరా పలుచబడి కారుటయు కలదు.

ఇట్టి కొసను పల్లెటూరి కొలిమిలో చేయలేము. ఆ మాట దాచుట మంచిది కాదు. ఏటేట వేలకోట్ల కలములు చేయు చైనా దేశమువారు సైతము కొసలకు వలయు ఉక్కును చాలకాలము విదేశములనుండి కొనిరి. అయిదేండ్లు ప్రయత్నించి, స్వదేశపు ఉక్కుతో కొసను చేయగలిగితిమని వారు ప్రకటించినది 2017లోనే. కావున స్వదేశీయమను పేరు పెట్టి, వ్రాయని కలమును పిల్లవాని చేతి కిచ్చి పరీక్షకు పంపుట దేశభక్తి కాదు, అన్యాయము. యంత్రశాలలు చేయవలసిన పని యంత్రశాలలు చేయవలెను. మన చేతులు చేయగల పనిని మాత్రము మనము విడువరాదు.

ఆ పని కలమునకు ఒడలు చేయుట. ఆఱంగుళముల పొడవు, ముప్పాతిక యంగుళము చదరము గల కఱ్ఱముక్క యొక కలమునకు చాలును. మంచపుకోళ్లు, ద్వారబంధములు చేయు వడ్రంగి కొట్టులో ఇట్టి ముక్కలు పొయ్యిలోనికి పోవుచున్నవి. టేకు, తుమ్మ, చింత, వేప, పనస యిన్నియు మన డెల్టాలో నున్నవే. తాటిమ్రాను చేవయందు నల్లని నారలు చారలు దీరి యుండును. ఒకప్పుడు ఆకునిచ్చి మన గ్రంథములను మోసిన ఆ వృక్షము ఇప్పుడు కలమును కూడ ఇయ్యగలదు. ఎఱ్ఱచందనము వలదు, అది చట్టముచే కాపాడబడు వృక్షము, దాని నమ్ముటకును కొనుటకును ఆంక్షలున్నవి. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱను తరిమెనపై తిప్పి, తిరుగుచుండగనే లక్కరంగులు పట్టించి బొమ్మలు చేయుదురు. 2017లో ఆ పనికి భౌగోళికగుర్తింపు లభించినది. బొమ్మకు వచ్చిన నునుపు కలమునకు రాకపోదు.

కఱ్ఱకును దోషములు లేకపోలేదు. కొల్లేటిసీమ గాలిలో తేమ యెక్కువ. వానకాలమున కఱ్ఱ ఉబ్బును. ఎండకాలమున ముడుచుకొని బీటవాఱును. పచ్చికఱ్ఱతో చేసిన కలము రెండు నెలలలో వంకరపోవును. కావున ముక్కలను నీడను నెలలకొలది ఆరబెట్టవలెను. నడిమిగుండ తిన్నగా తొలిచి లోపల సన్నని ఇత్తడిగొట్టము నతికింపవలెను. పైన లక్కగాని నూనెగాని పట్టించి తేమను అడ్డగింపవలెను. ఇత్తడిగొట్టమున్నచో రీఫిల్లు సులువుగా లోపలికి పోవును, సులువుగా వెలికి వచ్చును. దొరకని వింతకొలతకు ఒడలు చేయరాదు. జీ2 యను అంతర్జాతీయపు కొలతగల రీఫిల్లులు పలుసంస్థలవారు చేయుచున్నారు. ఆ కొలతకు ఒడలు తొలిచినచో ఒక సంస్థ మూతపడినను మన కలము మూగపోదు. పట్టాదస్తావేజులు, హాజరుపట్టీలు వ్రాయువారు దస్తావేజుల కుపయోగించు రకమని గుర్తుగల సిరానే కోరి కొనవలెను. నీటిని, కాలమును తట్టుకొనునట్లు పరీక్షింపబడునది అదియే.

ఇంత శ్రమ యేల, అంగడిలో చవుకపెన్ను దొరకుచుండగా, అని అడుగుదురు. లెక్క వేసి చూతము. ఆఱువందలమంది పిల్లలున్న బడిలో నెలకొక ప్లాస్టికుపెన్ను చొప్పున పారవేసినచో, పదినెలలకు ఆఱువేల పెన్నులగును. ఒక్కొక్కటి అయిదు గ్రాములే యైనను ముప్పది కిలోగ్రాములు. ఒక్క బడి మాట యిది. అవి యెక్కడికి పోవుచున్నవి? కిటికీనుండి పెరటికి, పెరటినుండి మురుగుకాలువకు. ఏలూరు పట్టణమును రెండు పాయలై చుట్టిన తమ్మిలేరు కొల్లేట కలియును. బుడమేరును అచ్చటికే చేరును. కొల్లేటినుండి సముద్రమునకు ఉప్పుటేరొకటియే త్రోవ. పైనుండి పారవేసిన దంతయు అచ్చట నిలువక తప్పదు. 1999లో ప్రభుత్వమువారు ఆ సరస్సును వన్యప్రాణుల యభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసారు చిత్తడినేలల పట్టికలో దానికి చోటు దొరకినది. ఆటపాకయొద్ద గూడబాతులను చూచుటకు మనము పిల్లలను విహారమునకు కొనిపోవుచున్నాము. అచ్చటి నీటిలో మన బడి పెన్నుమూత తేలుచుండుట చూచి మేము సిగ్గుపడితిమి. రీఫిల్లు సైతము ప్లాస్టికే గదా యనవచ్చును, నిజమే. కాని ఒడలు, మూత, క్లిప్పు మిగులును. పారవేయునది తగ్గును. దోషమును పూర్తిగ తీర్పజాలమను కారణముచే సగము తీర్పకుండుట వివేకము కాదు.

కఱ్ఱకలము మొదట నెక్కువ వెల యగునని బీదతలిదండ్రులు జంకుదురు. ఆ భయము న్యాయమైనదే. కావుననే దీనిని కొనుడని మేము నిర్బంధింపము. కొనుటకు బదులు చేసికొనుడని చెప్పుచున్నాము. మఱియొక యాక్షేపణ కలదు: చేతిపని చదువుకు విఘ్నమని. ఈ మాటను మేము గట్టిగా త్రోసిపుచ్చుచున్నాము. మన ప్రభువు నజరేతున వడ్రంగి యింట పెరిగినాడు. ఆయనయే వడ్రంగి యని ఊరివారు పిలిచిరి. ఆ పేరును తక్కువగా నెంచి వారు అనిరి. మనము ఎక్కువగా నెంచుచున్నాము. ఐనను మన బడిలో వడ్రంగి కొడుకు తన తండ్రి పనిని చెప్పుకొనుటకు సంకోచించుచున్నాడు. ఆ సంకోచమును మేము నేర్పలేదు గాని, తీసివేయుటకు మేము చేసినది కొంచెమే. కొల్లేటి బాలుని గద్దించిననాడు మేమే దానిని పెంచితిమి. ఒక తండ్రి మన బడికి వచ్చి, తరిమెన పెట్టి, మన పిల్లలకు గురువై నిలిచిననాడు వాని కుమారుడు తలయెత్తి చూచును. కలముకన్న మాకు ముఖ్యమైనది ఆ చూపు.

చేవ్రాతను గూర్చి యొకమాట. పాళీ నేర్పును, బాల్‌పెన్ను చెఱచునని మేమును చాలకాలము చెప్పితిమి. నేడట్లు చెప్పజాలము. పాళీ కొన్ని దిక్కులకు సులువుగా పోవును, కొన్ని దిక్కులకు అడ్డగించును. గుండు ఎల్లదిక్కులకును సమానముగా దొర్లును. మన గుండ్రని అక్షరములకు అది పగ కాదు. కాని గుండుతో వ్రాయువారు బలముగా నొత్తుదురు. ఒత్తినకొలది వ్రేళ్లు నొచ్చును, వ్రాత బిగిసిపోవును. సన్నని ప్లాస్టికుపుల్లను బిగబట్టుటకన్న, కొంచెము లావుగా, వ్రేళ్లకు కుదురునట్లు తిప్పిన కఱ్ఱను వదులుగా పట్టుట సులభము. చిన్నచేతికి సన్నముగను పెద్దచేతికి లావుగను తిప్పించుకొనవచ్చును. అంగడి పెన్ను అందఱికి నొకటే కొలత. చేసికొన్న కలము ఎవరి చేతికి వారిది.

కాబట్టి మా కోరికలు ఇవి. సిరా పాళీదైనను గుండుదైనను ఏ విద్యార్థిని కలమును బట్టి తక్కువ చేయకుండుట బోధకుల విధి. ఈ మాట మొదట మాకు మేమే చెప్పుకొనుచున్నాము. పరీక్షలందు నమ్మకమైన రీఫిల్లు రెండు దగ్గఱ నుంచుకొనుట విద్యార్థుల విధి. వడ్రంగము తెలిసిన తలిదండ్రులు సంవత్సరమునకు నాలుగైదు శనివారములు మాకు దయచేసినచో, చేతిపనుల గంటలో ఏడవ తరగతి మొదలు ప్రతి బాలుడును బాలికయు తన కలమును తానే తిప్పి చేసికొను నేర్పాటు చేయవచ్చును. దానికి వలయునది చిన్న తరిమెన, తొలిచెడి బరమా, ఉలులు, గరుకుకాగితము, లక్క. వ్రాయుట మానిన రీఫిల్లులను, విఱిగిన పెన్నులను వేయుటకు ప్రతి తరగతిలో నొక డబ్బా పెట్టవలెను. నెలకొకసారి తరగతినాయకుడు లెక్కించి పలకపై వ్రాయవలెను. ఎంత పారవేయుచున్నామో కన్నులార చూచినవాడు కొంచెమైన తగ్గించుకొనును.

ఆ లంకగ్రామపు బాలుడు బడి విడిచి వెళ్లునప్పుడు మేము వానిని ఆ కిక్కిసపుల్లను అడుగలేదు, అది వానిది. వాడు తానుగా మఱియొకటి చేసి మా బల్లపై నుంచి పోయెను. ఈ వ్యాసమును దానితోనే వ్రాసితిమి. రెండుసార్లు రీఫిల్లు మార్చితిమి. పుల్ల యింకను గట్టిగనే యున్నది. ప్రియ విద్యార్థులారా, మీ చేతిలోని కలము ఎంత వెలదని లోకము అడుగవచ్చును. దానితో నిజము వ్రాసితిరా, వ్రాసినది నిలిచునా, వ్రాయుటకై ఎవరి నీటిని చెఱపకుంటిరా యని మీ మనస్సాక్షి యడుగును. ఆ ప్రశ్నలకు తలయెత్తి బదులు చెప్పగలవారుగా దేవుడు మిమ్ము నడిపించుగాక.